చేతి పనిముట్లతో గాజు బిళ్ళలు కోయడం: పొడి కాకుండా, పక్కకు పోకుండా

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. 20 మిల్లీమీటర్ల చదరపు గాజు బిళ్ళలతో పక్షి బొమ్మ మొజాయిక్ మొదలుపెట్టారు. చేతిలో ఉన్నది మామూలు గచ్చు టైల్స్ అంచులు కొరకడానికి వాడే నిప్పర్. పది బిళ్ళలు కోస్తే మూడే పనికొచ్చాయి, మిగతావన్నీ పెంకులూ పొడీ అయ్యాయి. మెషిన్ పెట్టుకునే వీలు లేదు, ఇంట్లో చిన్న పిల్ల ఉంది. మీకు సగాలు, త్రికోణాలు, రెక్కల కోసం ఆకు ఆకారాలు కావాలి. అంచు పట్టీకి తెచ్చిన టైల్స్ వేరే రకం: 8 మి.మీ. మందం, పైన గాజు, వెనక రంగు పూత. ఇవన్నీ చేత్తో అవుతాయా, లేక మీ చేతిలోనే ఏదైనా లోపం ఉందా అని అడిగారు.

లోపం మీ చేతిలో లేదు. సగాలు, త్రికోణాలు, ఆకులు మూడూ చేత్తో చక్కగా అవుతాయి. మందపాటివి కొంతవరకే అవుతాయి, వాటి సంగతి తర్వాత చెబుతాను. పన్నెండేళ్ళుగా ఈ పని చేస్తున్నాను. కొత్తవాళ్ళకు నేర్పేటప్పుడు వాళ్ళందరి దగ్గరా చూసిన ఇబ్బంది సరిగ్గా మీరు చెప్పిందే.

ముందు పనిముట్టు సంగతి. మీ నిప్పర్ నోరు ఒకసారి దగ్గరగా చూడండి. రెండు పక్కలా పొట్టిగా, నిటారుగా ఉన్న పళ్ళు ఉంటాయి. అవి టైల్ అంచును పట్టుకుని ఒక పెచ్చు లాగేసేలా చేసినవి. కాల్చిన మట్టి టైల్‌కు అది బాగానే పనిచేస్తుంది, ఎందుకంటే మట్టి టైల్ లోపల రేణువులు, సన్నటి రంధ్రాలు ఉంటాయి. పగులు కాస్త దూరం వెళ్ళి వాటి దగ్గర ఆగిపోతుంది. గాజులో రేణువులంటూ లేవు, పగులును ఆపేది ఏదీ లేదు. మొదలైన పగులు దారి దొరికినంత దూరం పోతుంది. పన్ను పట్టుకున్న చోట నాలుగు వైపులా పగుళ్ళు పుడితే నాలుగూ పరిగెడతాయి. మీకు చేతిలో మిగిలిన పొడి అదే.

అందుకే నేర్చుకునేవాళ్ళతో మొదట చెప్పేది ఒకటే: గాజును కోస్తున్నామని అనుకోవద్దు. మనం చేసేది పగులు ఎక్కడ పుట్టాలో, ఏ వైపు తిరగాలో చూపించడం. మిగతా పని గాజే చేసుకుంటుంది. ఇది మాటవరసకు అంటున్నది కాదు. గ్రిఫిత్ అనే ఇంగ్లీష్ ఇంజనీరు గాజు దారాలు, గాజు గొట్టాల మీద ప్రయోగాలు చేసి 1921లో ఈ సంగతి ప్రచురించారు. గాజు నిజానికి చాలా గట్టి పదార్థం, కానీ దాని మీద ఉండే కంటికి కనిపించని గీతల దగ్గర మనం పెట్టే ఒత్తిడంతా పోగుపడి అక్కడి నుంచే విరుగుతుందని ఆయన తేల్చారు. మనం బిళ్ళ మీద చేసేది ఆ బలహీనమైన గీతను మనకు కావలసిన చోట మనమే పెట్టడం. ఈ మాట మనసుకు పడితే చేతిలో సగం బలం దానంతట అదే తగ్గుతుంది. బలం తగ్గగానే ముక్కలు శుభ్రంగా రావడం మొదలవుతుంది.

గాజుకు కావలసిన నిప్పర్ వేరు. దాన్ని వీల్ నిప్పర్ అంటారు. పళ్ళకు బదులు పైన ఒకటి, కింద ఒకటి రెండు చిన్న గుండ్రటి చక్రాలు ఉంటాయి, టంగ్‌స్టన్ కార్బైడ్‌వి. చక్రాలని పేరే గానీ కోసేటప్పుడు అవి తిరగవు, మరలతో బిగించి ఉంటాయి. పై చక్రం అంచు, కింది చక్రం అంచు ఎదురెదురుగా ఒకే గీత మీద గాజును నొక్కుతాయి. పైన ఒక సన్నటి నెర్రె, కింద ఒక సన్నటి నెర్రె పుట్టి రెండూ ఒకదాన్నొకటి కలుస్తాయి. అందుకే అంచు నిటారుగా వస్తుంది. ముందు ఇదొక్కటి కొనుక్కోండి. మీ పక్షి బొమ్మలో నూటికి తొంభై ముక్కలు దీనితోనే అయిపోతాయి. పొడుగాటి తిన్నని గీతలకు గ్లాస్ కట్టర్, దానితోపాటు గీత వెంట విరవడానికి రన్నింగ్ ప్లయర్ తర్వాత తెచ్చుకోవచ్చు.

కొత్త వీల్ నిప్పర్ పట్టుకోగానే రెండు విషయాలు చూడండి. నోటిని ఎదురుగా కంటి ముందు పెట్టుకుని పిడులు పూర్తిగా మూయండి. రెండు చక్రాల అంచులూ ఒకే నిలువు గీతలో ఉండాలి. ఒకటి పక్కకు జరిగి ఉంటే మీరు ఎంత జాగ్రత్తగా నొక్కినా అంచు ఏటవాలుగానే తెగుతుంది. రెండోది, మూసినప్పుడు చక్రాలు ఒకదాన్నొకటి తాకకూడదు. మధ్య మిల్లీమీటరు, మిల్లీమీటరున్నర సందు ఉండాలి. చాలా నిప్పర్లలో పిడుల మధ్య దీని కోసమే ఒక ఆపుడు మర ఉంటుంది. చక్రాలు తాకితే ప్రతి కోతకూ ఒకదాని అంచు మరొకటి కొట్టుకుని మొద్దుబారిపోతాయి.

ఇప్పుడు అసలు పని. ఒక బిళ్ళ తీసుకుని నున్నటి ముఖం పైకి ఉంచి, సరిగ్గా మధ్యలో మార్కర్‌తో గీత గీయండి. ఎడమ చేతి బొటనవేలు, చూపుడువేలితో ఆ గీతకు ఒక పక్కన బిళ్ళను పట్టుకోండి. నిప్పర్‌ను కుడి చేత్తో పట్టుకోండి, ఎడమచేతివాటం అయితే అటుదిటు. నిప్పర్ పట్టుకోవడంలోనే చాలామంది తప్పు చేస్తారు. మెడ దగ్గర, చక్రాలకు దగ్గరగా పట్టుకుంటే పట్టు బాగున్నట్టే ఉంటుంది, కానీ రెండు మూడింతలు ఎక్కువ బలం పెట్టాల్సి వస్తుంది. ఆ బలంలోనే చెయ్యి వణుకుతుంది, బిళ్ళ ఒరుగుతుంది. పిడుల చివర పట్టుకోండి, చిటికెన వేలు దాదాపు పిడి కొసకు రావాలి.

బిళ్ళను నోట్లోకి ఎంత పెట్టాలి? చక్రాలు గుండ్రంగా ఉంటాయి కాబట్టి రెండూ దగ్గరగా వచ్చేది ఒకే ఒక్క చోట, సరిగ్గా వాటి నడిమి మరల మధ్య. బిళ్ళ అంచు ఆ చోటును కాస్త దాటాలి. అంటే అంచు నుంచి 5, 6 మి.మీ. లోపల చక్రం ఆనాలి. అంతకు తక్కువ పెడితే అంచు మీద పెచ్చు లేస్తుంది. మొత్తం బిళ్ళను లోపలికి తోసేయడమూ అక్కర్లేదు. అవతలి చివర చక్రం తాకకపోయినా ఫర్వాలేదు, పగులు అక్కడిదాకా తనంతట తానే వెళ్తుంది. మొదట్లో ఇది నమ్మబుద్ధి కాదు. ఒక్కసారి జరగడం చూస్తే మళ్ళీ సందేహం రాదు.

గీతకూ చక్రానికీ తేడా లేకుండా చూసుకుని, బిళ్ళ పక్కకు గానీ ముందుకు గానీ ఒరగకుండా సమంగా ఉంచండి. ఇక నొక్కడం. ఒక్కసారిగా నొక్కవద్దు. చక్రాలు గాజుకు ఆనేదాకా మూయండి, అక్కడ ఒక్క క్షణం ఆగండి. అప్పుడు పిడిని నెమ్మదిగా, ఆపకుండా బిగిస్తూ పోండి. ఒక స్థాయిలో బిళ్ళ 'టిక్' మంటూ తెగుతుంది. ఆ చప్పుడు పొడిగా, చిన్నగా ఉండాలి. 'కర్ర్' మని నలిగినట్టు వినిపిస్తే చక్రం మొద్దుబారిందనో, బిళ్ళ ఒరిగిందనో అర్థం. తెగగానే ఎగిరిపోయేది మీరు పట్టుకోని సగం. దాన్ని ఆపడానికి నిప్పర్ పట్టుకున్న చేతి చూపుడువేలిని చాపి ఆ సగం మీద తేలిగ్గా ఆనించవచ్చు. అలవాటయ్యేదాకా ఇది కాస్త ఇబ్బందే. అందాకా పెద్ద పారదర్శక పాలిథిన్ సంచిలో రెండు చేతులూ పెట్టి కోయండి. ముక్కలన్నీ సంచిలోనే పడతాయి.

మీ బిళ్ళల వెనక సన్నటి గాళ్ళు ఉన్నాయని రాశారు. అవి జిగురు పట్టుకోవడానికి. కోసేటప్పుడు వాటిని లెక్కలోకి తీసుకోవాలి. మీ గీత గాళ్ళకు సమాంతరంగా, కానీ గాడికి కాస్త పక్కన పడితే పగులు ఆ గాడిలోకి జారాలని చూస్తుంది. అప్పుడు పైన సగం సరిగ్గా, కింద వంకరగా వస్తుంది. గీతను సరిగ్గా గాడి మీదికి జరపండి, లేదా బిళ్ళను తిప్పి గాళ్ళకు అడ్డంగా కోయండి. అడ్డంగా కోసేటప్పుడు కింది చక్రం గట్ల మీద మాత్రమే ఆనుతుంది కాబట్టి ఇంకాస్త నెమ్మదిగా నొక్కాలి. ఇంకొక సంగతి: ఈ రకం బిళ్ళల పక్కలు కిందికి పోయేకొద్దీ కాస్త లోపలికి వాలి ఉంటాయి. కోసిన అంచు మాత్రం నిటారుగా ఉంటుంది. బొమ్మ బయటి గీతలో కార్ఖానా అంచు బయటికి, కోసిన అంచు లోపలికి వచ్చేలా పెడితే గీత తేటగా కనిపిస్తుంది.

బంగారు చారలున్న బిళ్ళలు కూడా ఉన్నాయన్నారు. ఆ మెరుపు గాజులో పుట్టించిన రాగి స్ఫటికాల వల్ల వస్తుంది. ఆ చారల దగ్గర పగులు దిశ మార్చుకోవడం చాలాసార్లు చూశాను. వాటిని వీలైనంతవరకు పూర్తి బిళ్ళలుగానో, సగాలుగానో వాడండి. చిన్న త్రికోణాలకు పెట్టుకోవద్దు.

సగం, సగంలో సగం: ఈ వరస తప్పకండి. పగులు ఎప్పుడూ బలహీనమైన వైపుకు, అంటే సన్నగా ఉన్న వైపుకు మొగ్గుతుంది. రెండు పక్కలా సమానంగా గాజు ఉంటే తిన్నగా పోతుంది. 5 మి.మీ. పట్టీలు నాలుగు కావాలని 20 మి.మీ. బిళ్ళ పక్క నుంచి ఒక్కో పట్టీ లాగడానికి చూస్తే మొదటిదే మధ్యలో బయటికి తిరిగి కొస లేకుండా వస్తుంది. బిళ్ళను మధ్యకు కోసి రెండు 10 మి.మీ. ముక్కలు చేయండి. ఒక్కొక్కదాన్ని మళ్ళీ మధ్యకు కోయండి. పక్షి మెడ దగ్గర ఈకలకు అవే పట్టీలు సరిపోతాయి.

త్రికోణాల్లో పెద్దవి మూల నుంచి మూలకు ఒకే కోత. ఇక్కడ చక్రం ఆనేది బిళ్ళ మూల మీద, అక్కడ గాజు తక్కువ కాబట్టి మొన చితికే అవకాశం ఎక్కువ. మూలను మామూలు కంటే లోపలికి, 8 మి.మీ. దాకా పోనివ్వండి. చిన్న త్రికోణాలకు చిన్న బిళ్ళను మళ్ళీ కోయాలని చూడకండి, వేళ్ళకు పట్టు దొరకదు. 10 మి.మీ. పట్టీ ఒకటి తీసుకుని ఒకసారి ఇటు ఏటవాలుగా, ఒకసారి అటు ఏటవాలుగా కోస్తూ పోండి. పట్టీ పొడుగునా త్రికోణాలు వరసగా రాలతాయి. చివరి ముక్క ఒకటి వృథా అవుతుంది, అంతే.

ఆకు ఆకారం నాకు అన్నిటికంటే ఇష్టమైన కోత, అందుకని కాస్త వివరంగా చెబుతాను. బిళ్ళ మీద ఎదురెదురు మూలలను కలుపుతూ రెండు వంపు గీతలు గీయండి, మామిడాకులా. వంపును ఒకే కోతలో రప్పించాలని చూడవద్దు. వంపు గీత బయట మిగిలిన మూల పెద్దది. ముందు దాన్ని గీతకు 2, 3 మి.మీ. దూరంలో తిన్నగా కోసి తీసేయండి. రెండో వైపూ అలాగే. ఇప్పుడు మీ చేతిలో ఆకుకు దగ్గరి ఆకారం ఉంటుంది, అక్కడక్కడ మూలలతో. ఆ మూలలను ఒక్కొక్కటిగా కొరకాలి. ఇక్కడ చక్రాన్ని గీతకు అడ్డంగా కాదు, గీత వెంబడి ఆనించాలి, బండి చక్రం రోడ్డు పక్క గట్టును రాసుకుంటూ పోయినట్టు. ప్రతి కొరుకుడుకూ పోయేది మిల్లీమీటరు కంటే తక్కువ. నిప్పర్‌ను కదపకుండా ఎడమ చేత్తో బిళ్ళను కొంచెం కొంచెం తిప్పుతూ పోతే వంపు దానంతట అదే తేలుతుంది. మధ్యలో మొదలుపెట్టి మొనల వైపు పోండి. మొన చివరి కొరుకుడు అన్నిటికంటే తేలిగ్గా ఉండాలి. మొన విరిగితే ఆకు కాస్త పొట్టిదవుతుంది, పారేయకండి. పక్షి రెక్కలో పొట్టి ఈకలు కావాలి కదా. గుండ్రం కూడా ఇదే పద్ధతి: నాలుగు మూలలూ కోస్తే ఎనిమిది పలకలు, ఆ ఎనిమిది మూలలూ తీస్తే గుండ్రానికి దగ్గర, తర్వాత చుట్టూ కొరకడం. 20 మి.మీ. బిళ్ళలో 18 మి.మీ. గుండ్రం వస్తే బాగా వచ్చినట్టే.

లోపలికి తిరిగిన వంపు, అంటే నెలవంక లోపలి గీతలాంటిది, చేత్తో రావడం చాలా కష్టం. పగులు వంపు తిరగదు, తిన్నగా బయటికి పోతుంది. అలాంటి చోట డిజైన్‌నే మార్చుకుని రెండు మూడు ముక్కలతో ఆ వంపు కట్టండి. చూసేవాళ్ళకు ఆ ముక్కల వరసే అందంగా కనిపిస్తుంది. వంపు తిరిగే వరసల్లో చదరపు ముక్కలు పెడితే బయటి వైపు సందులు నోళ్ళు తెరుస్తాయి. ప్రతి రెండు మూడు ముక్కలకు ఒకదాన్ని ఒక పక్క వెడల్పుగా, ఒక పక్క సన్నగా కోసి మధ్యలో ఇరికించండి. పక్షి కంటి చుట్టూ ఇది చేస్తే తేడా వెంటనే తెలుస్తుంది.

ఇక గ్లాస్ కట్టర్. ఇది పొడుగాటి తిన్నని గీతలకు, పెద్ద గాజు ముక్కలకు. దీని చివర చిన్న చక్రం నిజంగానే తిరుగుతుంది. అది గాజును కోయదు, పైన ఒక నెర్రె మాత్రం పెడుతుంది. చక్రానికి ఒక చుక్క కిరోసినో, పలచటి మెషిన్ ఆయిలో రాసి, కట్టర్‌ను పక్కలకు ఒరగకుండా పట్టుకుని, స్కేలు ఆనించి ఒక అంచు నుంచి రెండో అంచు దాకా ఒకే వేగంతో గీయండి. స్కేలు జారకుండా దాని కింద కాస్త టేప్ అంటించుకోండి. సరైన ఒత్తిడి చెవికి తెలుస్తుంది: పట్టుగుడ్డ చిరిగినట్టు సన్నగా, తెంపు లేకుండా వినిపించాలి. గీత సన్నటి వెంట్రుకలా కనబడాలి. గీత వెంట తెల్లటి పొడి రేగి చిన్న చిన్న పెచ్చులు ఎగిరితే ఎక్కువ నొక్కినట్టు.

ఒకసారి గీసిన గీత మీద రెండోసారి గీయకండి. ఈ తప్పు నేనే చేశాను. మొదట్లో ఒక అద్దం ముక్క మీద గీత సరిగ్గా పడలేదనిపించి మళ్ళీ మళ్ళీ గీశాను. విరవబోతే అడ్డదిడ్డంగా చీలి ఒక ముక్క బొటనవేలి కింద దిగింది. రెండో గీత మొదటి నెర్రెను చితకొట్టి పక్క పగుళ్ళు పుట్టిస్తుంది, పైగా కట్టర్ చక్రం కూడా పాడవుతుంది. గీత సరిగ్గా రాకపోతే అక్కడక్కడ తెగినా సరే విరిచి చూడండి, లేదా పక్కన కొత్త గీత పెట్టండి. పెట్టిన గీతను వెంటనే విరవాలి. ఇరవై ముక్కలకు గీతలు పెట్టి సాయంత్రం విరుద్దాంలే అనుకుంటే చాలావరకు మొండికేస్తాయి.

విరవడానికి రన్నింగ్ ప్లయర్ నోటి మధ్య గుర్తును గీతకు సరిగ్గా కలపండి. దాని కింది భాగం మధ్యలో ఉబ్బి, పై భాగం రెండు కొసల్లో వంగి ఉంటుంది. అంటే గీత కింద నుంచి పైకి, రెండు పక్కలా కిందికి ఒకేసారి నొక్కుతుంది, గీత తెరుచుకుంటుంది. ప్లయర్ తలకిందులుగా పట్టుకుంటే ఇది జరగదు. కొత్తవాళ్ళు ఇక్కడ చాలా తరచుగా పొరపడతారు. రన్నింగ్ ప్లయర్ లేకపోతే ఇంకో దారి ఉంది. గీత పెట్టిన బిళ్ళను వీల్ నిప్పర్‌లో గీత చివర ఆనించి తేలిగ్గా నొక్కండి. నేను ఖచ్చితమైన సగాలు కావాల్సినప్పుడు ఎక్కువగా ఇదే చేస్తాను. నిప్పర్ ఒక్కదానితో వచ్చేదానికంటే అంచు చాలా తిన్నగా వస్తుంది.

మీ 8 మి.మీ. టైల్స్‌కు వీల్ నిప్పర్ పెట్టకండి. అంత మందంలో పై నెర్రె, కింది నెర్రె కలిసేలోపే పక్కలకు పోతాయి, చక్రాలూ దెబ్బతింటాయి. వాటికి గీత పెట్టి విరవడమే మార్గం, అదీ గీతకు రెండు వైపులా పట్టుకునేంత వెడల్పు ఉంటేనే. నా అనుభవంలో ఒక్కో వైపు మందానికి మూడింతలు, అంటే 25 మి.మీ. దాకా ఉండాలి. గీత ఎప్పుడూ గాజు ముఖం మీదే పెట్టండి, రంగు పూసిన వెనక వైపు కాదు. అద్దం ముక్కలకూ ఇదే లెక్క. గీత పెట్టాక వెనక పూతను పదునైన బ్లేడుతో అదే గీత వెంట తెంపేయండి, లేకపోతే విరిగేటప్పుడు పూత పొరలా లేచిపోతుంది. చిన్న సైజువి అయితే చేత్తో ప్రయత్నించవద్దు. అంచు పట్టీని పూర్తి టైల్స్‌తోనే సరిపోయేలా కొలుచుకుని, తేడా వస్తే సందులు అర మిల్లీమీటరు చొప్పున పెంచో తగ్గించో సర్దండి. తప్పనిసరి అయితే ఆ రెండు మూడు ముక్కలను నీళ్ళతో నడిచే డైమండ్ మెషిన్ ఉన్నవాళ్ళ చేత కోయించుకోవడం మంచిది.

టెంపర్డ్ గాజు, అంటే బాగా వేడిచేసి ఒక్కసారిగా చల్లార్చి గట్టిపరిచిన గాజు మాత్రం దేనితోనూ తెగదు. గీత లోతుకు వెళ్ళగానే మొత్తం పలక ఒక్కసారిగా చిన్న చిన్న పలుకులుగా రాలిపోతుంది. పాత కిటికీ, తలుపు గాజులు వాడదామనుకుంటే మూలలో టెంపర్డ్ అని ముద్రించిన గుర్తు ఉందేమో ముందు చూసుకోండి.

సుత్తి, ఉలి పద్ధతి గురించి కూడా అడిగారు. మొద్దులో తలకిందులుగా నాటిన ఉలి మీద ముక్కను ఆనించి, పైనుంచి రెండు కొసలూ పదునున్న సుత్తితో కొట్టడం ఇది. క్రీ.శ. 547లో ప్రతిష్ఠ జరిగిన, ఇటలీలోని రవెన్నా ఊరి సాన్ విటాలే చర్చి గోడల మీది మొజాయిక్‌ల కాలానికి చక్రాల నిప్పర్లు లేవు. స్మాల్టీ అనే మందపాటి రంగు గాజును ఈ పద్ధతిలో కోసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. పైన సుత్తి మొన, కింద ఉలి మొన ఎదురెదురుగా తాకడం, మధ్యలో గాజు తెగడం: వీల్ నిప్పర్‌లో జరిగేదే ఇక్కడా జరుగుతుంది. స్మాల్టీకి ఇది గొప్పగా ఉంటుంది. మీ 4 మి.మీ. మందం బిళ్ళలకు అక్కర్లేదు, చప్పుడు కూడా ఎక్కువ.

మొదట్లో బాగా కోసిన నిప్పర్ కొన్ని వందల కోతల తర్వాత నలపడం మొదలుపెడుతుంది. చాలామంది అప్పుడు పాడైపోయిందనుకుంటారు. పాడవలేదు. చక్రంలో గాజుకు ఆనేది ఒకే చోటు కాబట్టి అక్కడ మాత్రమే అరిగింది. అలెన్ కీతో మర వదులు చేసి రెండు చక్రాలనూ ఎనిమిదో వంతు తిప్పి బిగించండి. తిప్పే ముందు అరిగిన చోట మార్కర్‌తో చుక్క పెట్టుకుంటే తర్వాత ఎటు తిప్పాలో తికమక ఉండదు. చక్రం చుట్టూ తిరిగి వచ్చాక కొత్త చక్రాలు వేసుకోవచ్చు. వాటి సైజు మీ నిప్పర్‌కు సరిపోయేదేనా చూసుకోండి.

కళ్ళ విషయం. నాకు చూపుకు కళ్ళద్దాలు ఉన్నాయి, అవి చాలనుకునేదాన్ని. ఒకరోజు ఆకు మొన కొరుకుతుంటే పెచ్చు ఎగిరి కళ్ళద్దం పక్క సందులోంచి వచ్చి కంటి కింద చర్మంలో గుచ్చుకుంది. అర అంగుళం పైకి తగిలి ఉంటే అనుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. పక్కలు కూడా మూసుకునే సేఫ్టీ గాగుల్స్ పెట్టుకోకుండా ఒక్క బిళ్ళ కూడా కోయకండి. ఒక్కటేగా అనుకున్న రోజునే పెచ్చు ఎగురుతుంది. కళ్ళద్దాల మీద వేసుకునే గాగుల్స్ దొరుకుతాయి. ముక్కలు కాలి మీద పడతాయి, మూసి ఉండే చెప్పులు వేసుకోండి.

పొడి గురించి మీ భయం సరైనదే. గాజులో సిలికా ఉన్నా అది స్ఫటిక రూపంలో ఉండదు. ఊపిరితిత్తులను పాడుచేసే సిలికోసిస్‌కు కారణమయ్యేది స్ఫటిక సిలికా, అది రాతి పొడిలో, కాల్చిన మట్టి టైల్ పొడిలో ఉంటుంది. అలాగని గాజు రజను పీల్చవచ్చని కాదు. గొంతును, ఊపిరితిత్తులను అది గీరుతుంది, కాబట్టి మాస్క్ పెట్టుకోండి. అంచు నున్నగా చేయాలనుకుంటే డైమండ్ ప్యాడ్‌తోనో, కార్బొరండం రాయితోనో నీళ్ళలో తడుపుతూ రుద్దండి, పొడిగా ఎప్పుడూ రుద్దకండి. సందుల్లో పూసే గ్రౌట్ నిండే అంచులకు రుద్దడమే అక్కర్లేదు, చెయ్యి తగిలే బయటి అంచులకు చాలు. ఎరుపు, నారింజ, పసుపు గాజుల్లో కాడ్మియం అనే విషపూరిత లోహం ఉండవచ్చు. పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి, ఆ బల్ల మీద తినడం, తాగడం వద్దు.

పాప ఇంట్లో ఉంది కాబట్టి కోసే చోటు ఒక్కటే పెట్టుకోండి, పాప నిద్రపోయాకో, వేరే గది తలుపు వేసుకునో. అంచులు ఎత్తుగా ఉన్న ట్రే మీదే పని చేయండి. దుప్పటి పరచకండి, నేతలో గాజు ఇరుక్కుని తర్వాత ఎక్కడో రాలుతుంది. అయ్యాక చీపురుతో ఊడ్చకండి, చిన్న పెంకులు దూరంగా ఎగిరి మూలల్లో చేరతాయి. తడిపిన పాత కాగితంతో నొక్కి ఎత్తి, ఆ కాగితాన్ని మూత ఉన్న డబ్బాలో వేయండి. చివర్లో వెడల్పాటి టేప్‌ను జిగురు వైపు కిందికి పెట్టి నేలంతా అద్దండి. గదిలో లైటు ఆర్పి టార్చ్‌ను నేలకు సమంగా పెట్టి చూస్తే మిగిలిన పెంకులు మెరుస్తాయి. నేను ఇప్పటికీ రోజూ ఇలాగే చూసి గది తలుపు తెరుస్తాను. గాజు పొడిని మాత్రం సింకులో పోయకండి.

వీల్ నిప్పర్ వచ్చిన రోజు పక్షి బొమ్మ జోలికి పోకుండా, మీకు అక్కర్లేని రంగు బిళ్ళలు ఇరవై తీసుకోండి. పది సగాలు, తర్వాత ఆ సగాల్లో సగాలు, చివర్లో ఐదు త్రికోణాలు, ఐదు ఆకులు. కోసిన వరసలోనే ఒక కాగితం మీద పేర్చుకోండి. ఏటవాలు అంచు వచ్చిన ముక్కలు ఎక్కువ ఉంటే బిళ్ళ ఒరుగుతోంది. మొదలైన చివర నలిగి రెండో చివర బాగుంటే మరీ అంచు మీద పెడుతున్నారు. మొదలు బాగుండి చివర పక్కకు పోతే రెండు వైపులా వెడల్పు సమానంగా లేదు. ఈ మూడింటిలో మీది ఏదో ఆ కాగితం చూస్తే తెలిసిపోతుంది, దాన్ని సరిచేసుకున్నాక పక్షి తోక నుంచి మొదలుపెట్టండి. కన్ను చివరికి ఉంచుకోండి, అప్పటికి చెయ్యి కుదురుతుంది.